వెలుగు చాలని చోట దూరపు లెన్స్

టెలిఫోటో జూముల్లో ‘ఫాస్ట్’ అనే మాట సాధారణంగా ఎఫ్/2.8 లెన్సులకే చెల్లుతుంది. వేగం నిజానికి లెన్సుది కాదు, అది లోపలికి రానిచ్చే వెలుగు వల్ల షట్టర్‌కు దక్కేది. వీటిలో పేరుమోసినది 70-200 మి.మీ. ఎఫ్/2.8. ఔత్సాహికుల దగ్గర మామూలుగా ఉండే 55-250 మి.మీ. జూమ్ 200 మి.మీ. దాకా వెళ్లేసరికి ఎఫ్/5.6కు తగ్గిపోతుంది. ఈ రెండింటి మధ్య తేడా రెండు స్టాపులు, అంటే నాలుగింతల వెలుగు.

ఆ నాలుగింతల విలువ కూచిపూడి ప్రదర్శనలో బాగా తెలుస్తుంది. ఎఫ్/2.8, ఐఎస్‌ఓ 3200 వద్ద 1/250 సెకను దొరికే వేదిక మీద, ఎఫ్/5.6 లెన్స్‌కు అదే ఐఎస్‌ఓలో 1/60 మాత్రమే దొరుకుతుంది. తరంగం నడుస్తుండగా 1/60లో తీస్తే ముఖం నిలిచినా చేతులు చెదిరిపోతాయి. షట్టర్‌ను కాపాడుకోవాలంటే ఐఎస్‌ఓను 12800కు పెంచాలి. పాత ఏపీఎస్-సి కెమెరాల్లో ఆ స్థాయికి వెళితే చర్మం రంగు పాడై, పట్టుచీర నేత గరుకులో కలిసిపోతుంది. చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ ఇక్కడ ఆదుకోదు. అది ఫొటో తీసేవారి చేతిని నిలుపుతుంది కానీ నర్తకి పాదాన్ని నిలపదు. కొనేవారు ఎక్కువగా పొరబడేది ఈ ఒక్క విషయంలోనే.

ధర ఎందుకంత ఎక్కువో చిన్న లెక్కతో తేలుతుంది. 200ను 2.8తో భాగిస్తే 71 వస్తుంది. అంటే వెలుగు వచ్చే దారి 71 మి.మీ. వెడల్పు ఉండాలి. ఎఫ్/4కు 50 మి.మీ. చాలు. పెద్ద గాజు, రంగు అంచులు రాకుండా వాడే ప్రత్యేక గాజు, వాటిని మోసే లోహపు గొట్టం కలిసి బరువునూ ఖరీదునూ పెంచుతాయి. కానన్ 70-200 ఎఫ్/4 తొలి రకం 705 గ్రాములు తూగితే, స్టెబిలైజేషన్ లేని ఎఫ్/2.8 రకం 1.3 కిలోలు తూగుతుంది. పగటి వెలుగులో ప్రయాణాలు, జాతరలు, ఆరుబయట ఆటలు తీసేవారికి ఎఫ్/4 ఎంతో మేలు. సగం బరువుకే అదే స్పష్టత దొరుకుతుంది.

రాత్రి వేదికలు, ఇండోర్ కబడ్డీ తీయాలనుకునేవారికి మాత్రం ఎఫ్/2.8 తప్పదు. అక్కడ కొత్త లెన్స్ కోసం ఏళ్లు ఆగడం కంటే సెకండ్ హ్యాండ్‌లో పాత తరం లెన్స్ కొనడమే తెలివైన దారి. బాగా దాచిన గాజు పాతబడదు, మోటారూ ఎలక్ట్రానిక్సూ పాతబడతాయి. కానన్ 1995లో తెచ్చిన 70-200 ఎఫ్/2.8కు స్టెబిలైజేషన్ లేదు. అందుకే 2001 తర్వాతి ఐఎస్ (స్టెబిలైజేషన్ ఉన్న) రకాల కంటే చవక. వేదిక పనికి ఆ లోటు పెద్దది కాదు, మోనోపాడ్ సర్దేస్తుంది. నికాన్ 80-200 ఎఫ్/2.8 డి కూడా గట్టి లెన్సే. అయితే దాని ఫోకస్‌ను తిప్పేది కెమెరాలోని మోటారు. ఆ మోటారు లేని డి3000, డి5000 వరుస కెమెరాల మీదా, ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ద్వారా మిర్రర్‌లెస్ మీదా ఫోకస్‌ను చేత్తోనే తిప్పుకోవాలి. టామ్రాన్ 2008 నాటి 70-200 ఎఫ్/2.8 స్పష్టంగా తీస్తుంది గానీ ఫోకస్ నెమ్మది. పోర్ట్రెయిట్లకు సరే, కబడ్డీకి కాదు. అదే సంస్థ 2012 రకంలో స్టెబిలైజేషన్‌తో పాటు చురుకైన మోటారు చేర్చింది. సోనీ ఈ-మౌంట్ వారికి 2020లో వచ్చిన టామ్రాన్ 70-180 ఎఫ్/2.8 ఉంది. బరువు 810 గ్రాములే కనుక చేతికి హాయి.

వాడిన లెన్స్‌ను చేతిలోకి తీసుకోగానే ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి చూడాలి. సన్నని సాలెగూటి పోగుల్లా కనిపిస్తే అది ఫంగస్, కొనకూడదు. పాలపొరలా మసక ఉన్నా వదిలేయాలి. రెండు మూడు దుమ్ము రేణువులు, ముందు గాజు మీద చిన్న గీత బొమ్మను చెరపవు, బేరానికి మాత్రం పనికొస్తాయి. ఎపర్చర్ రెక్కల మీద నూనె ఉండకూడదు. సొంత కెమెరాకు తగిలించి, 200 మి.మీ., ఎఫ్/2.8 వద్ద ఏటవాలుగా పెట్టిన దినపత్రికను తీస్తే ఫోకస్ ముందుకో వెనక్కో జరుగుతోందేమో తెలుస్తుంది. మోటారు కిర్రుమన్నా, ఫోకస్ తటపటాయించినా మరమ్మతు ఖర్చు లెన్స్ ధరకు దగ్గర పడవచ్చు.

అంత సొమ్ము కూడా లేకపోతే 85 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ ఉంది. ఏపీఎస్-సి కెమెరా మీద అది దాదాపు 130 మి.మీ. చూపునిస్తుంది, ఎఫ్/2.8 కంటే ఒక స్టాపుకు పైగా ఎక్కువ వెలుగు పడుతుంది. జూమ్ ఉండదు కనుక ముందు వరసలో చోటు సంపాదించుకోవాలి. నేలపట్టు పక్షి కేంద్రంలోని గూడబాతుల్ని దగ్గరగా తీయాలనుకునేవారికి మాత్రం ఈ లెన్సులేవీ చాలవు. పగటి వెలుగులో వారికి కావలసింది పొడవు, 150-600 మి.మీ. ఎఫ్/5-6.3 లాంటివి.

కొన్న లెన్స్‌కు కోస్తా తేమే పెద్ద శత్రువు. తోలు సంచిలో మూసి ఉంచితే వానకాలంలోనే ఫంగస్ పట్టవచ్చు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు ఉంటే చాలు. మీటరు ముల్లు 40-50 శాతం మధ్య ఉండేలా చూసుకుని, జెల్ రంగు మారగానే వేడిచేసి తిరిగి వాడుకోవాలి.