కల్లం కిరాయి

ఫిబ్రవరి వస్తే చాలు, గుంటూరు మిరప కల్లాల్లో వీడియోలు తీస్తామని హైదరాబాద్ నుంచి కుర్రాళ్లు బయల్దేరతారు. వాళ్ల బడ్జెట్ కాగితం నా చేతికొస్తే ముందు లొకేషన్ ఖర్చు చూస్తాను. కెమెరాకు అద్దె ఉంటుంది, కారుకు డీజిల్ ఉంటుంది, కల్లం దగ్గర మాత్రం సున్నా. ‘రైతు మనవాడేనండీ, ఏమీ అడగడు’ అంటారు.

అడగడు, నిజమే. కానీ ఆ కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. వెలుగు బాగుందని వాళ్లను లేపి అటు తిప్పి కూర్చోబెట్టి, మళ్లీ మళ్లీ టేకులంటే ఆ పూట పని కుంటుపడుతుంది. కూలి మాత్రం రైతు పూర్తిగా ఇవ్వాలి. పత్తి చేలో ఇంకా అన్యాయం. అక్కడ తీతకు కిలో లెక్కన ఇస్తారు. మనం ఆపిన అరగంట నేరుగా ఆమె సంపాదనలోంచే పోతుంది. అందుకే కల్లానికి కిరాయి, షాట్‌లో ఉన్నవాళ్లకు కూలి, రెండూ కాగితం మీదికి రావాల్సిందే.

భోజనాల లెక్కలోనూ వాళ్లుండాలి. పొద్దున్నే క్యారేజీ కట్టుకొచ్చారు కదా అని వదిలేసి, మనం ఒక్కళ్లమే విస్తళ్లు వేసుకోవడం నాకు నచ్చదు. చిలకలూరిపేట హోటల్‌కి కారు పంపే బదులు ఊళ్లోనే పప్పు, గోంగూర, పెరుగన్నం వండిస్తే ఖర్చూ తగ్గుతుంది, మిట్టమధ్యాహ్నం గంటన్నర మిగులుతుంది. మిరప ఘాటుకు గొంతులు పట్టేస్తాయి కనుక మజ్జిగ బిందెడు అదనంగా రాసుకోవాలి.

హైదరాబాద్ నుంచి గుంటూరు దాదాపు 270 కిలోమీటర్లు. గది అద్దె కలిసొస్తుందని రాత్రి బయల్దేరతారు. రాత్రంతా నడిపిన డ్రైవర్‌కు పొద్దున్నే మళ్లీ ఒంగోలు ప్రయాణం అప్పజెప్పడం ప్రాణాలతో చెలగాటం. ఆ దారిలోని బొల్లాపల్లి టోల్ రాసినవాళ్లు అతని నిద్రకు గది ఎందుకు రాయరు?

మిర్చి యార్డు దృశ్యం కావాలంటే శని, ఆదివారాలు పెట్టుకోవద్దు. యార్డుకు సెలవు. ఒక్క రోజు ఖాళీగా కూర్చున్నా గదులు, బేటాలు, కెమెరా అద్దె మీద పడతాయి.

2020లో వచ్చిన ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ సినిమా గుంటూరు, కొలకలూరుల కథ. ఈ నేల మీద కథలు ఇంకా ఎన్నో రావాలి. వచ్చేవాళ్లకు నా మాట ఒక్కటే: కూలి డబ్బు మేస్త్రి చేతిలో పెట్టకుండా ఎవరిది వాళ్లకే, ప్యాకప్‌కు ముందే ఇచ్చేయండి. పొద్దు వాలితే వాళ్ల ఆటో ఆగదు.