మరవ లేని చెరువు

గూటం దిగలేదు. నేల కాదది, గులకరాళ్లు పరిచి దిమ్మిస కొట్టినట్టుంది. అల్లుడు సుత్తితో నాలుగు దెబ్బలు వేసేసరికి ఇనుప గూటం వంగి కొక్కెమైంది. "మామయ్యా, మీరు కుర్చీలో కూర్చోండి, నేను చూసుకుంటా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. ఎద్దులకు గూటాలు పాతిన చేతులివి. తలకాయంత రాళ్లు నాలుగు దొర్లించుకొచ్చి టెంటు తాళ్లు వాటికి కట్టేశాను. పోయేటప్పుడు ఎక్కడి రాళ్లు అక్కడ పెట్టాలని మనవరాలు హుకుం జారీ చేసింది. ఈ పార్కులో రాయి కూడా సర్కారుదే.

మా ఆవిడ చుట్టూ ఒకసారి చూసింది. పచ్చనిది అన్నది కనిపించడం లేదు. గోధుమ రంగు కొండలు, బూడిద రంగు నేల, ఎక్కడో కింద తెల్లటి గీత. "ఈ రాళ్లు చూసేకి ఇంత దూరం వస్తిమా? పెనుకొండలో లేవా రాళ్లు?" అంది.

నిజమే, మాకు రాళ్లకు కొదవ లేదు. ధర్మవరం పక్క ఊరు మాది. జైసల్మేర్ తర్వాత దేశంలో తక్కువ వాన అనంతపురానిదే అని బడి రోజుల నుంచీ వింటున్నవాళ్లం. అలాంటివాళ్లం 2024 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలో అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఇర్వైన్ నుంచి ఐదు గంటలకు పైగా కారులో కూర్చుని, డబ్బు కట్టి మరీ డెత్ వ్యాలీలో గుడారం వేశాం. ఎండిన నేలను చూడ్డానికి టికెట్ ఉంటుందని మా నాయనకు చెబితే నవ్వి తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయేవాడు.

క్యాంపింగ్ విద్య గురించి పిల్లలు నాకు చాలా చెప్పారు. పొయ్యి, స్లీపింగ్ బ్యాగు, తలకు కట్టుకునే లైటు. నాకు అర్థమైన మేరకు దాని సారం నీళ్ల లెక్క. మనిషికి రోజుకు తక్కువలో తక్కువ ఒక గ్యాలన్, అంటే మూడు లీటర్ల ముప్పావు. క్యాంపులో కుళాయి ఉన్నా సరే, కారులో వేరేగా నీళ్లు ఉండి తీరాలి. మా ఆవిడకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెట్టి పిండింది కదా, ఆ నీళ్లు పారబోయలేదు. గిన్నెలో దాచి, వాటితోనే మూకుడు తొలిచింది, ఆ తర్వాత చేతులు కడుక్కుంది. పది అడుగుల్లో కుళాయి ఉంది. అమ్మాయి "అమ్మా!" అంది. ఆవిడ విననట్టే ఉంది. కరువులో పెరిగిన చేయి కుళాయిని నమ్మదు.

ఇక్కడ ఏడాది మొత్తానికి పడే వాన సగటున 2 అంగుళాలు. అంటే 50 మిల్లీమీటర్లు. మాకు 550 పడితేనే కరువు జిల్లా అని పేరు. కారణం మాత్రం ఇద్దరికీ ఒకటే, కొండల చాటు. అరేబియా సముద్రం మీంచి వచ్చే మబ్బులు పడమటి కనుమల్లోనే సగం కురిసేసి మా దాకా వట్టి గాలిగా వస్తాయి. ఇక్కడ పసిఫిక్ మబ్బు ఒకటి కాదు, నాలుగు కొండ వరసలు ఎక్కి దిగాలి. పెళ్లిలో ఆఖరి బంతికి కూర్చున్నవాళ్లకు పాయసం అందినంతే. పైగా ఈ లోయ అడుగున ఏడాదికి 150 అంగుళాల నీళ్లు ఆవిరి కాగలవు. వచ్చేది రెండు, పోగలిగేది నూటయాభై. అలాంటి సంసారం ఎవడు నడపగలడు?

ఆ రాత్రి మాఘ మాసం, శుద్ధ పక్షం. చంద్రుడూ గురుడూ పక్కపక్కనే నడిచి, పదిన్నరకల్లా పడమట పానమింట్ కొండల వెనక్కి దిగిపోయారు. అప్పుడు మొదలైంది అసలు సంగతి. కళ్లు చీకటికి అలవాటు పడడానికి ఇరవై నిమిషాలు, అరగంట పడుతుంది. ఈలోగా ఎవరైనా ఫోన్ తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే తల లైట్లలో ఎర్ర బల్బు పెడతారు, దానికి కంటి చీకటిచూపు చెదరదు. మేం అదీ ఆర్పేసి కుర్చీల్లో వెనక్కి వాలాం. పదో నిమిషంలో పక్క గుడారం వాళ్లు కారు తలుపు తీశారు, లోపలి దీపం భగ్గుమంది. లెక్క మళ్లీ ఒకటి నుంచి.

2013 నుంచి ఈ పార్కుకు చీకటి ఆకాశం ఉన్న చోటుగా అంతర్జాతీయ గుర్తింపు ఉంది. చీకటికి కూడా సర్టిఫికెట్ ఇవ్వాల్సిన రోజులొచ్చాయి. అయినా తూర్పు కొండల మీద లాస్ వేగస్ వెలుగు సన్నగా, అవతల ఎక్కడో గడ్డివాము అంటుకున్నట్టు కనిపిస్తూనే ఉంది. మిగతా ఆకాశమంతా నిండిపోయింది. నిండిపోవడమంటే చుక్కలు ఎక్కువ కావడం కాదు, చుక్కకూ చుక్కకూ మధ్య ఖాళీ లేకపోవడం. ముందు నాకు భయమేసింది. తెలిసిన చుక్కలు ఈ గుంపులో తప్పిపోయాయి. సంతలో బిడ్డను వెతుక్కున్నట్టు వెతికాను. నైరుతిలో దొరికాయి, వరసగా మూడు.

"తాతా, అది ఒరాయన్ బెల్ట్" అంది మనవరాలు.

"మేం గొర్రుకొయ్యలు అంటాం."

"గొర్రు అంటే?"

చీకట్లోనే దాని చేయి పట్టుకుని, మూడు వేళ్లు నేల మీద ఆనించి, గులకరాళ్లలో సర్రున లాగించాను. మూడు చాళ్లు పడ్డాయి. కళ్లకు కనపడలేదు, వేళ్లకు తెలిసింది. గొర్రు వెనక విత్తనం జారవిడవడం, చాలు వంకర పోకుండా ఎద్దుల్ని అదిలించడం, ఆ మూడు చుక్కలు ఎంత పడమటికి వాలాయో చూసి మా నాయన బావి నీళ్లు తోడే కపిలి తోలేందుకు లేవడం, అన్నీ చెప్పాను. పడమట పిల్లలకోడి చూపించాను. ఈశాన్యంలో నిలబెట్టినట్టున్న ముసలమ్మ మంచం చూపించాను. నాలుగు కోళ్ల మంచం, దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన ముగ్గురు దొంగలు. మా అవ్వ మిద్దె మీద పడుకోబెట్టి చెప్పిన కథ అది. ఆ మిద్దె ఉంది, అవ్వ లేదు, చుక్కలూ లేవు. ఇప్పుడు ఆ వీధి నిండా ఎల్ఈడీ దీపాలు. పిల్లలకోడిని మళ్లీ చూడ్డానికి సముద్రం దాటాల్సి వచ్చింది.

మాటలు ఆగిపోయాక నిశ్శబ్దం వచ్చి కూర్చుంది. మా ఊళ్లో రాత్రి అంటే కీచురాయి, కుక్క, దూరంగా లారీ. ఇక్కడ అవి కూడా లేవు. చెవిలో సన్నగా రొద, అది నా లోపలిదే. తెల్లవారుజామున ఒక రేవెన్, మన బొంతకాకికి పెద్దన్న లాంటిది, గుడారం మీదుగా పోయింది. అరవలేదు. రెక్క కొట్టినప్పుడల్లా గాలిని చాటతో చెరిగినట్టు శబ్దం, ఒక్కొక్కటీ విడివిడిగా వినిపించింది. కాకి రెక్కకు చప్పుడుంటుందని అరవై ఏళ్లు దాటాక తెలిసింది.

మర్నాడు పొద్దెక్కకముందే మెస్కీట్ ఫ్లాట్ ఇసుకదిబ్బలకు వెళ్లాం. ఎడారి అంటే ఇసుకే అనుకుంటాం గానీ, ఈ పార్కులో ఇసుకదిబ్బలు ఉన్నది నూటికి ఒక పాలు కన్నా తక్కువే. ఇసుక మీద రాత్రి కచేరీ అంతా రాసి ఉంది. పక్కపక్కనే రెండు పాదాల గుంతలు, వాటి మధ్య తోక గీత. కంగారూ ఎలుక గెంతిన జాడ. జన్మంతా నీళ్లు ముట్టకపోయినా బతుకుతుందట, ఎండు గింజల్లోంచే ఒంటికి కావాల్సిన తేమ తీసుకుంటుంది. దిబ్బల మధ్య ముళ్ల పొదలు చూసి మా ఆవిడ ఆగింది. ఆకు తుంచబోయి, రూలు గుర్తొచ్చి, వంగి చూసి, "ఇది మన సర్కారు తుమ్మ కదా" అంది. ఇంచుమించు అదే. ఇది మెస్కీట్, సర్కారు తుమ్మకు దాయాది. మేం పొలం గట్ల మీద నరికి నరికి విసిగిపోయే చెట్టు జాతి కాయల్నే ఇక్కడి టింబిషా షోషోనీ జనం తరతరాలుగా పిండి కొట్టుకు తిన్నారు.

ఆ జనం సంగతి తెలిశాక నాకు ఈ లోయ పేరు నోటికి రావడం మానేసింది. 1849లో బంగారం కోసం పోతూ దారితప్పిన బండ్లవాళ్లు ఇక్కడ చిక్కుకున్నారు. వాళ్లలో లోయలో చనిపోయింది ఒక్కడే అంటారు. బయటపడుతూ మృత్యులోయ అని పేరు పెట్టి పోయారు. అప్పటికే వేల ఏళ్లుగా అక్కడ కాపురాలు చేస్తున్నవాళ్లను ఎవరూ అడగలేదు. పార్కు వచ్చాక వాళ్లకు ఉండడానికే హక్కు లేకపోయింది. 2000లో ప్రత్యేక చట్టం చేసి కొంత నేల తిరిగి ఇచ్చారు. మమ్మల్ని కూడా రైల్లో పోతూ కిటికీలోంచి చూసి "కరువు సీమ" అని రాసినవాళ్లున్నారు. రాసినవాళ్లు రైలుతోనే వెళ్లిపోయారు, పేరు మాత్రం మా దగ్గరే దిగింది.

ఇక చెరువు. అసలు మేం వచ్చింది దానికోసమే.

బ్యాడ్ వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 282 అడుగులు దిగువ. తల ఎత్తితే కొండ చరియ మీద "సముద్రమట్టం" అని బోర్డు, మన నెత్తికి అంత పైన. మామూలుగా అక్కడ మైళ్ల కొద్దీ ఉప్పు తప్ప ఏమీ ఉండదు. 2023 ఆగస్టు 20న హిల్లరీ తుఫాను అవశేషం వచ్చి ఒక్కరోజులో 2.2 అంగుళాలు కురిసింది. ఏడాది వాన ఒక్కపూట. రోడ్లు కొట్టుకుపోయి, రెండు నెలలు పార్కే మూతపడింది. అక్టోబరుకల్లా ఎండిపోతుందనుకున్న నీళ్లు నిలిచాయి. ఫిబ్రవరిలో మళ్లీ ఒకటిన్నర అంగుళాలు. ఆరు నెలల్లో మొత్తం దాదాపు 5 అంగుళాలు పడి, ఆరు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పు నీళ్లు పరుచుకున్నాయి. లోతు అడుగు. మంచుయుగంలో ఇదే లోయలో 600 అడుగుల లోతు సరస్సు ఉండేదట, దానికి పెట్టిన మ్యాన్లీ అనే పేరే దీనికీ పెట్టారు. 1849 నాటి బృందం కోసం నడిచి వెళ్లి సాయం తెచ్చినవాడి పేరది.

చెప్పులు చేత్తో పట్టుకుని దిగాం. అడుగున ఉప్పు గరుగ్గా పాదాలకు గుచ్చుకుంది. చీలమండ దాకా నీళ్లు, చల్లగా. గాలి లేదు. 11,000 అడుగుల టెలిస్కోప్ శిఖరం మంచుతో సహా తలకిందులుగా మా కాళ్ల ముందు పడి ఉంది. అడుగేస్తే శిఖరం వణికి, ఆగితే మళ్లీ నిలబడుతోంది. మనవరాలు అడుగు వేయడం, ఆపడం, అదే ఆట. దూరంగా ఎవరో ఎర్ర పడవలో తెడ్డు వేస్తున్నారు.

మా ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంగి దోసిట నీళ్లు తీసుకుని నోట్లో చుక్క వేసుకుంది. "థూ" అంది. అయినా మిగతా నీళ్లు నెత్తిన చల్లుకుంది. మా ఊరి చెరువు నిండితే పసుపు కుంకుమలు, చీర, గాజులు పట్టుకుని కట్ట మీదికి పోతారు ఆడవాళ్లు. మరవ, అంటే అలుగు, పారిందంటే ఊరు ఊరంతా అక్కడే. ఎన్నేళ్లకొకసారో వచ్చే ఆ రోజును ఏడాది పేరు చెప్పి గుర్తు పెట్టుకుంటాం. ఇక్కడ పసుపు కలపకూడదు కాబట్టి ఆవిడ దండం పెట్టుకుని ఊరుకుంది. కొంతసేపటికి, "దీనికి మరవ యాడుంది?" అని అడిగింది.

లేదు. ఇంతకన్నా పల్లం అమెరికాలోనే లేదు. వచ్చిన నీళ్లకు పోయే దారి లేదు. తూమూ లేదు, మరవా లేదు, ఆయకట్టూ లేదు. ఆకాశంలోకే పోవాలి. పోతూ పోతూ ఉప్పు వదిలేసి పోతాయి, ఎన్ని వేల ఏళ్ల ఉప్పో అది.

తిరిగొచ్చేటప్పుడు దారి పక్కన రెండు మూడు పసుపు పూలు కనిపించాయి, డెజర్ట్ గోల్డ్ అంటారట. 2016లో అమ్మాయి వాళ్లు వచ్చినప్పుడు లోయంతా ఇవే విరగబూశాయి. ఈ విత్తనాల మీద ఒక పూత ఉంటుంది, అర అంగుళం పైన నింపాదిగా వాన పడి అది కడుక్కుపోతే తప్ప మొలవవు. చిన్నాచితకా జల్లుకు మోసపోవు. ఏళ్ల తరబడి అలాగే మట్టిలో పడి ఉంటాయి. నాకు వేరుశనగ గుర్తొచ్చింది. మేం ఒక్క పదును పడగానే అప్పు చేసి విత్తనం వేస్తాం, వాన ఆ మర్నాటి నుంచే మొహం చాటేస్తుంది. ఈ పువ్వుకున్న ఓపిక రైతుకెందుకు లేదని ఎవరైనా అనేలోపు చెప్పేస్తున్నా, పువ్వుకు బ్యాంకు కిస్తీ లేదు.

మార్చి మొదటి వారంలో ఒక సాయంత్రం అల్లుడు ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. ఫిబ్రవరి 29 నుంచి మూడు రోజులు పెద్ద గాలి వీచిందట. ఆ గాలికి చెరువు ఉన్నచోటు నుంచి ఉత్తరానికి రెండు మైళ్లు జరిగిపోయింది. పలచబడి, అంగుళాల లోతు మిగిలింది, పడవలు ఆపేశారు. మా ఆవిడ చపాతీ కర్ర పక్కన పెట్టింది.

"నీళ్లు లేచి నడిచిపోయినాయా?"

"గాలి తోసుకుపోయింది అత్తయ్యా."

ఆవిడ చేతి పిండి దులుపుకుని వాళ్ల తమ్ముడికి ఫోన్ చేసింది. మన దగ్గర అప్పుడే తెల్లారింది. బాగోగులు ఏమీ అడగలేదు. "మనూరి చెరువులో ఏమన్నా ఉందారా?" అంది.

స్పీకర్లో వినిపించింది. "నీళ్లు యాడివి అక్కా. తుమ్మచెట్లు మాత్రం బాగా పెరిగినాయి."