రంగం దారి ఎవరు వేశారు?

రేవు నగరాలను ఒకదానితో ఒకటి కలపాలన్న మాట కొన్నేళ్లుగా విశాఖపట్నంలో బాగా వినబడుతోంది. 2019 నవంబరులో బిమ్‌స్టెక్ దేశాల రేవుల సదస్సు మొట్టమొదటిసారి ఇక్కడే జరిగింది. ఇండియా, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్, శ్రీలంక, నేపాల్, భూటాన్ ఆ కూటమిలోని ఏడు దేశాలు. విశాఖ, చెన్నై, కోల్‌కతా రేవులు థాయిలాండ్‌లోని రనోంగ్ రేవుతో అప్పుడే ఒప్పందాలు కుదుర్చుకున్నాయి. 2025 జులైలో రెండో సదస్సు కూడా విశాఖలోనే పెట్టారు. బంగాళాఖాతం చుట్టూ ఉన్నవాళ్లందరిదీ ఉమ్మడి వారసత్వం, ఒకప్పుడు బౌద్ధం కలిపింది, ఇప్పుడు వ్యాపారం కలుపుతుంది - ఈ కూటమిని సమర్థించే వాదన సారాంశం ఇదే.

'ఉమ్మడి' అన్న మాట ఎక్కడ వినబడినా దళితులు కాస్త ఆగి చూసుకోవాలి. ఊళ్లో చెరువు ఉమ్మడిదే, నీళ్లు ముట్టుకోనిచ్చేవాళ్లు కారు. గుడి ఉమ్మడిదే, మెట్లెక్కనిచ్చేవాళ్లు కారు. ఉమ్మడి వారసత్వం అన్నప్పుడు కూడా ఆస్తి ఎవరి పేరున రాసుందో అడగాల్సిందే. రేవుల్ని కలపొద్దని ఎవరూ అనరు. కానీ ఆ కలయిక చరిత్రను రాజులకీ వర్తకులకీ భిక్షువులకీ పంచిపెట్టేసి, బరువులు మోసినవాళ్లనీ పాకీ పని చేసినవాళ్లనీ మాయం చేస్తున్నారు. చరిత్రలో మాయమైనవాళ్లకి రేపటి పంపకాల్లో వాటా ఉండదు. అందుకే ఇది పాత సంగతుల మీద పండితుల తగువు కాదు, బతుకుదెరువు తగువు.

ఏ బుద్ధుడు?

విశాఖ చుట్టూ బౌద్ధ స్థలాలకి కొదవ లేదు. తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ, అనకాపల్లి పక్కన శంకరం దగ్గరున్న బొజ్జన్నకొండ. 1980ల్లోనూ 90ల మొదట్లోనూ బావికొండ, తొట్లకొండల మీద రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. తొట్లకొండ మీద శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. విహారాలకీ సముద్ర వ్యాపారానికీ సంబంధం ఉందనడానికి ఇది గట్టి ఆధారం. పర్యాటక ప్రచారం ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. విహారం, వర్తకుడు, ఓడ, ఆ తర్వాత ఒక్కసారిగా ఇవాళ్టి బీచ్ హోటలు. ఈ వరసలో కులం ఊసే రాదు. బుద్ధుడు పుట్టుకతో వచ్చే గొప్పదనాన్ని కాదన్నాడన్న సంగతి అసలే రాదు.

వాళ్లు చెప్పని సంగతి రాళ్ల మీదే చెక్కి ఉంది. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకటి విధికుడు అనే చర్మకారుడిది. ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకునని చెప్పుకుని, తల్లినీ భార్యనీ అన్నదమ్ముల్నీ బిడ్డల్నీ కలుపుకుని, పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి దానం ఇచ్చాడు. తోలు పని చేసేవాడు, ఉపాధ్యాయుడి కొడుకు, దాత - ఈ మూడూ ఒకే మనిషిలో కుదిరిన కాలం ఒకటి ఈ నేల మీద ఉండేదన్నమాట. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాజముద్రలో అమరావతి పూర్ణఘటాన్ని పెట్టుకుంది. ఘటం ప్రతి సర్కారు కాగితం మీదా ఉంది. చర్మకారుడి పేరు బడి పుస్తకంలో ఎంతమంది పిల్లలు చదివారు?

అంబేద్కర్ 1954 డిసెంబరులో రంగూన్ వెళ్లాడు. మూడో ప్రపంచ బౌద్ధ మహాసభలో పాల్గొన్నాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షల మందితో కలిసి బౌద్ధం తీసుకున్నాడు. ఆయనకి బంగాళాఖాతం అవతలి ఒడ్డుతో ఉన్న బౌద్ధ బంధం కులం నుంచి బయటపడే దారి. ఇవాళ దౌత్యంలో వాడుతున్న బుద్ధుడికి ఆ పని లేదు. కులం సంగతి ఎత్తని బుద్ధుడైతే ఎగుమతికి అనువుగా ఉంటాడు.

రంగం పోయినవాళ్లు

అదే రంగూన్‌ని ఉత్తరాంధ్ర పల్లెల్లో 'రంగం' అన్నారు. 'రంగం పోయాడు' అంటే కూలికి పోయాడని అర్థం. విశాఖ, భీమిలి, కళింగపట్నం, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లెక్కి వేలమంది వెళ్లేవాళ్లు. మేస్త్రీ ఊళ్లోనే బయానా చేతిలో పెట్టేవాడు. ఆ అప్పు తీరేదాకా రంగంలో వాడు చెప్పిన చోట, చెప్పిన కూలికి పనిచెయ్యాలి. రేవులో బస్తాలు, బియ్యం మిల్లులు, రిక్షాలు, పాకీ పని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అక్కడి తెలుగు కూలీలకి 'కొరంగీ'లని పేరు పడింది. కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. ఒక రేవు పేరు కూలివాడి పేరుగా మారిపోయింది. ఏ ప్రణాళికా పత్రంలోనూ లేని నగరాల బంధం ఇది.

రంగం పోయినవాళ్లంతా దళితులు కారు. కాపులు, గవరలు, యాదవులు, మత్స్యకారులు అందరూ ఉన్నారు. ఊళ్లో మునసబు చేతికింద వెట్టి చెయ్యడం కంటే సముద్రం దాటడమే మేలనుకున్న దళితులూ ఉన్నారు. వలసని కన్నీళ్ల కథగా మాత్రమే చెప్పడం కూడా సరికాదు. ఊరి కట్టు నుంచి కొంత విడుదల అందులో ఉంది. కానీ ఆ విడుదల పెట్టుబడి అవసరం మేరకే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు ఎగుమతిదార్లు వాళ్ల స్థానంలో బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరగానే బర్మీయుల్ని పొమ్మన్నారు. పేదవాడికీ పేదవాడికీ మధ్య చిచ్చు పుట్టింది. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్లే. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక లక్షలమంది కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. 1962 తర్వాత నేవిన్ సైనిక ప్రభుత్వం వచ్చాక మళ్లీ లక్షలమంది కదిలారు. విశాఖలో కంచరపాలెం వైపు బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. సదస్సుకి వచ్చిన ప్రతినిధులకి తొట్లకొండ చూపించొచ్చు, తప్పులేదు. బర్మా క్యాంపు కూడా వారసత్వమే గదా?

ఇక్కడ మన వైపు కూడా ఒక మాట అనుకోవాలి. కారంచేడు, చుండూరు తర్వాత తెలుగు దళిత అధ్యయనాలు గుంటూరు, ప్రకాశం, కృష్ణా పల్లెల చుట్టూ ఎక్కువగా తిరిగాయి. అది అవసరం కూడా. కానీ రేవులో, రైలు వర్క్‌షాపులో, ఓడ అడుగు అంతస్తులో దళితుడు ఎలా బతికాడన్నది మనం తగినంత రాయలేదు. విశాఖ నుంచి ఖరగ్‌పూర్, జంషెడ్‌పూర్, పోర్ట్ బ్లెయిర్‌ల దాకా పాకిన తెలుగు శ్రామిక బస్తీల కుల చరిత్ర ఇంకా ముసలివాళ్ల నోళ్లలోనే ఉంది. వాళ్లతోపాటే పోతుంది.

ఢాకాలో తెలుగు

బిమ్‌స్టెక్ నగరాల్లో ఢాకా ఒకటి. ఆ ఊళ్లో జాత్రాబారీ దగ్గర ధల్‌పూర్‌లో తెలుగు మాట్లాడే జనం కాలనీ ఉంది. బ్రిటిషు కాలంలో తెలుగు ప్రాంతం నుంచి పోయినవాళ్ల సంతతి. తరాల తరబడి ఆ నగరం వీధులూ మురుగుకాలవలూ శుభ్రం చేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో అక్కడి నగరపాలక సంస్థ వాళ్లని ఖాళీ చెయ్యమంది. దేశం మారింది, జెండా రెండుసార్లు మారింది, చీపురు మాత్రం చేతిలోంచి పోలేదు.

విశాఖలో ఈ పని ఎవరు చేస్తున్నారో చెప్పనక్కర్లేదు. ఉత్తరాంధ్రలో రెల్లి కులస్తుల్ని తరతరాలుగా ఈ పనికే కట్టేశారు. వర్గీకరణలో 1 శాతం కోసం వాళ్లు ఎన్నేళ్లు ఎదురుచూశారో మనకి తెలుసు. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పాక 2025లో మళ్లీ వచ్చింది. విశాఖకీ ఢాకాకీ ఉన్న నిజమైన ఉమ్మడి వారసత్వం ఏదంటే, రెండు ఊళ్ల చెత్తనీ ఎత్తే చేతుల కులం. దీని గురించి ఒప్పందం ఎవరు రాస్తారు?

కారిడార్‌లో కులం

ఇక ఆర్థిక బంధం. విశాఖపట్నం-చెన్నై పారిశ్రామిక కారిడార్‌కి ఆసియా అభివృద్ధి బ్యాంకు 2016లో అప్పు మంజూరు చేసింది. విశాఖ, మచిలీపట్నం, దొనకొండ, శ్రీకాళహస్తి-ఏర్పేడు దాని కేంద్రాలు. కలకత్తా నుంచి కన్యాకుమారి దాకా అనుకున్న తూర్పు తీర కారిడార్‌లో ఇది మొదటి అంచె. రోడ్డు, కరెంటు, నీళ్లు ప్రభుత్వం ఇస్తుంది, ఫ్యాక్టరీ ప్రైవేటుది. ప్రైవేటులో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ లేదు. పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని 2019లో రాష్ట్రం చట్టం చేసింది. స్థానికుడంటే ఎవరు? జిల్లా చూశారు, కులం చూడలేదు. వాడలో ఉండేవాడూ ఊళ్లో భూమి ఉన్నవాడూ ఆ చట్టం ముందు ఒకటే.

దీన్ని విశాఖ ఉక్కు పక్కన పెట్టి చూడండి. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితం చేశారు. అరవైకి పైగా గ్రామాలు భూములిచ్చాయి, నిర్వాసితుల గోడు నేటికీ తీరలేదు. 'ఆంధ్రుల హక్కు' అన్న నినాదంలో కూడా ఏ ఆంధ్రుడి హక్కన్నది తేలలేదు. అయినా అది ప్రభుత్వ రంగం కాబట్టి రోస్టర్ ఉంది. మాల, మాదిగ, రెల్లి ఇళ్లనుంచి కొందరు బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరికి, కొందరు ఆఫీసు కుర్చీ దాకా చేరారు. ఇలాంటి ఒక్క పర్మినెంటు ఉద్యోగం తర్వాతి తరాన్ని యూనివర్సిటీ మెట్లెక్కించింది. రంగం కూలికీ దీనికీ తేడా అదే. రంగం డబ్బు పంపింది, ఉక్కు ఉద్యోగం హోదా కూడా ఇచ్చింది.

2021 జనవరి 27న కేంద్ర ప్రభుత్వం ఈ ఫ్యాక్టరీలో తన వాటా నూటికి నూరు శాతం వదులుకోవాలని నిర్ణయించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద సమ్మె జరిగింది. ప్రైవేటు అయితే పోయేది లాభనష్టాల లెక్క ఒక్కటే కాదు, రోస్టర్ పోతుంది. కార్మిక సంఘాలు దీన్ని వర్గ సమస్యగా చెబుతున్నాయి, అది నిజమే. అయితే ముందుగా రోడ్డున పడే కాంట్రాక్టు కార్మికుల్లో ఏ కులాలవాళ్లు ఎందరో సంఘాలు లెక్క తియ్యాలి.

ఎలాంటి బంధం కావాలి?

నగరాల బంధం మనకీ కావాలి. అయితే దాన్ని కింది నుంచి కట్టాలి. కారిడార్‌లో ప్రభుత్వ భూమీ రాయితీలూ తీసుకునే ప్రతి పరిశ్రమలోనూ ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ షరతుగా పెట్టాలి. ఉక్కు ప్రభుత్వ రంగంలోనే ఉండాలి. రేవుల మధ్య ఒప్పందాల్లో హమాలీల, సఫాయి కార్మికుల హక్కులు కూడా ఒక అంశంగా చేరాలి. ధల్‌పూర్ తెలుగువాళ్లకి ఇల్లు కావాలని విశాఖ నుంచి కూడా గొంతు లేవాలి. విద్యార్థులు, టీచర్లు బర్మా క్యాంపులో, ఖరగ్‌పూర్ రైల్వే బస్తీల్లో ముసలివాళ్ల మాటలు రికార్డు చెయ్యాలి. ఇది ఏ బ్యాంకూ అప్పివ్వని పని, మనమే చెయ్యాలి.

విధికుడు తన పేరు రాతి మీద చెక్కించుకున్నాడు కాబట్టి రెండువేల ఏళ్ల తర్వాత కూడా మనకి దొరికాడు. రంగం పోయిన కూలీల పేర్లు మేస్త్రీల అప్పు పుస్తకాల్లో ఉండేవి. కారిడార్ కట్టే కూలీల పేర్లు ఎందులో ఉండబోతున్నాయో ఇప్పుడే అడగాలి.