పాలేరు పట్నం వెళ్ళాక

బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం ప్రస్తావన వస్తే అందరం ఒకే మాట అంటాం: అది చూసి ఎంతోమంది పిల్లల్ని పశువుల వెనక కాకుండా బడికి పంపారని. ఒక నాటకానికి అంతకంటే ఏం కావాలి? 1911లో మామిడికుదురులో పుట్టినవాడు భీమన్న. పి.గన్నవరానికి దగ్గరి ఊరే. కొబ్బరితోట ఎవరిదో, దింపు తీసేదెవరో, కాయ ఒలిచేదెవరో ఆయనకి వేరే ఒకరు చెప్పక్కర్లేదు.

కానీ నాటకం చూపించే దారి ఒక్కటే. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. బావుంది. మరి అతను వదిలేసిన పని ఇప్పుడెవరు చేస్తున్నారు, ఎంత కూలికి? భీమన్నని తప్పుపట్టడానికి అడగడం లేదు. ఆ రోజుల్లో బడి గడప దాటడమే తిరుగుబాటు. ఇబ్బందల్లా తర్వాత వచ్చిన మనతోనే. ఆ తిరుగుబాటుని ఫార్ములా చేసుకున్నాం: తండ్రి కష్టపడాలి, కొడుకు పైకి రావాలి, చివర్లో తండ్రి కాళ్ళమీద పడి ఏడవాలి.

అందుకే మన కథల్లో పట్నం వచ్చిన పల్లెటూరి తండ్రి త్యాగమూర్తి అవుతాడు గానీ కార్మికుడు కాడు. అతని చెమట మీద పేజీలకి పేజీలు రాస్తాం. జీతమెంత, వారానికి సెలవుందా, మెట్లమీంచి పడితే ఆసుపత్రి ఖర్చెవరిది? ఇవి కథకి పనికిరాని లెక్కలనుకుంటాం. బిమల్ రాయ్ అలా అనుకోలేదు. 1953 నాటి ‘దో బీఘా జమీన్’ మొత్తం 235 రూపాయల అప్పు చుట్టూ తిరుగుతుంది. శంభు కలకత్తాలో రిక్షా లాగుతుంటే ఇంకా వేగంగా లాగితే ఇంకా డబ్బులిస్తానంటాడు ఎక్కినవాడు. లెక్క తెలుసు కాబట్టే ఆ పరుగు చూడలేం. అందులోనూ ఒక లోటుంది లెండి, శంభు ఒంటరిగానే పోరాడి ఒంటరిగానే ఓడిపోతాడు.

ఇప్పటి మన శంభు హైదరాబాద్‌లో ఏదో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్లకీ మోటారుకీ మధ్య ఒక్క గదిలో ఉంటాడు. కోనసీమ నుంచి వచ్చి ఆ బిల్డింగ్‌కి ఇటుకలు మోసినప్పుడు అతను భవన నిర్మాణ కార్మికుడు. 2025 దాకా అమల్లో ఉన్న 1996 చట్టం ప్రకారం ఏడాదిలో 90 రోజులు పనిచేస్తే సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకునే వీలుండేది. బిల్డింగ్ పూర్తయ్యాక అదే గేటు దగ్గర వాచ్‌మెన్‌గా కూర్చున్నాడు, ఆ చట్టం పరిధి దాటిపోయాడు. 2014 జూన్ 2న గది మారకుండానే పరాయి రాష్ట్రం వాడయ్యాడు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో తెచ్చి 2025 దాకా అమల్లో ఉంచిన చట్టమైనా ఆదుకుందా అంటే, అది కాంట్రాక్టరు తీసుకొచ్చిన కూలీల కోసం రాసింది. ఇతన్ని తీసుకొచ్చింది బావమరిది!

నవలకి సరిపడా సరుకు ఇందులో ఉంది. మనం మాత్రం అతని చేత ఫ్లాట్ పిల్లలకి ఊరి కబుర్లు చెప్పించి, రెండు కన్నీటిబొట్లు రాల్పించి కథ ముగిస్తాం. అతని భార్య మెట్లు ఊడుస్తుంది, చెత్త దించుతుంది, రాత్రి పన్నెండింటికి గేటు కూడా తీస్తుంది. నెలాఖరున అసోసియేషన్ ఇచ్చే జీతం మాత్రం ఒక్కటే, అతని పేరు మీదే. అది ఒక మనిషి జీతమా, ఇద్దరిదా అని ఆ తండ్రి మీటింగ్‌లో లేచి అడిగితే సెక్రటరీ ఏమంటాడో, గది ఖాళీ చేయమంటే పిల్లల బడి సంగతేమిటో, కథ అక్కడ మొదలుపెట్టొచ్చు.