దీపాలు పెట్టే వేళ

మా వీధి చివరి ఇంటి అబ్బాయికి వచ్చే ఆదివారం డీకన్ అభిషేకం. దైవశాస్త్రంలో నాలుగేళ్ల బి.డి. చదువు ముగించి, ఏడాదిగా ఒక పాస్టరేట్‌లో అయ్యగారి, అంటే పాస్టరుగారి, కింద పనిచేస్తున్నాడు. సోమవారం పొద్దున్నే ప్రసంగం కాగితాలు పట్టుకొచ్చి, "పెదనాన్నా, తెలుగు ఒకసారి చూసిపెట్టండి" అన్నాడు. మొదటి వాక్యానికే నాకు కోపం వచ్చింది. "మానవ అస్తిత్వ సంక్షోభ నేపథ్యంలో" అని మొదలైంది అది. వినేవాళ్లలో సగంమంది మిరప కోతలకు వెళ్లి వచ్చేవాళ్లు.

నా పాత వాదన ఈ కాలమ్ చదివేవారికి తెలిసిందే. వడ్రంగమైనా, వైద్యమైనా, పెద్దవాళ్ల పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. అయ్యగారి పనీ అలాంటిదేనని, గ్రీకు, హీబ్రూ చదివినంత మాత్రాన జ్వరంతో మూలిగే ముసలమ్మ మంచం దగ్గర ఏం చెయ్యాలో తెలియదని ఎన్నోసార్లు రాశాను.

అలా రాసిన ప్రతిసారీ నా కళ్లముందు ఉన్నది మా ఊరి అయ్యగారు. ఆయన డోర్నకల్‌లో తయారైన మనిషి. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన అజరయ్యగారు మన భాష నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. పల్లెలకు పంపే బోధకులను తన కళ్లెదుటే తయారు చేయించారు. భర్తతో పాటు భార్యకూ చదువు చెప్పించారు. మా ఊళ్లో అమ్మగారికి అయ్యగారితో సమానంగా మర్యాద ఉండేదంటే అందుకే. నాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆవిడే.

దీపాలు పెట్టే వేళకు అయ్యగారు లాంతరు పట్టుకుని బయల్దేరేవారు. మాలపల్లె, మాదిగపల్లె రెండూ తిరిగేవారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఏ పిల్లవాడు బడి మానేశాడో ఆయనకు తెలిసేది. మా నాయనమ్మ పోయిన రాత్రి వచ్చి, అమ్మ వేసిన పీట పక్కకు జరిపి, నాన్న పక్కన నేల మీద కూర్చున్నారు. వాక్యం చదవలేదు, ధైర్యం చెప్పలేదు. తెల్లవార్లూ అలాగే ఉన్నారు. కోడి కూసాక పురుషోత్తమ చౌదరిగారి కీర్తన ఒకటి ఎత్తుకున్నారు. నాన్న అప్పుడు ఏడ్చాడు. ఆ తర్వాత అయ్యగారు లేచి, సమాధుల తోటలో గొయ్యి తవ్వేవాళ్లకు చోటు చూపించడానికి వెళ్లారు.

ఇదంతా ఆ అబ్బాయికి కాస్త గట్టిగానే చెప్పాను. అతను తలవంచుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. పోయిన నెల వాళ్ల సంఘంలో ఒకావిడ కొడుకు ట్రాక్టరు కింద పడి చనిపోయాడట. ఆ ఇంటి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు వెయ్యలేక నిలబడిపోయాడట.

"అప్పుడు గ్రీకు క్లాసు గుర్తొచ్చింది పెదనాన్నా. మన బైబిల్లో యోహాను సువార్తలో ఆదరణకర్త అని ఉంటుంది, యోహాను మొదటి పత్రికలో ఉత్తరవాది అని ఉంటుంది. గ్రీకులో రెండుచోట్లా మాట ఒకటే, పరాక్లేతోస్. పక్కకు పిలవబడినవాడు అని. ఓదార్చాలన్నా, ఒకరి తరఫున మాట్లాడాలన్నా ముందు పక్కన ఉండాలి కదా. వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. మర్నాడు ఆసుపత్రిలో పోస్టుమార్టం కాగితాల కోసం వాళ్ల తరఫున నేనే మాట్లాడాను."

కాగితాలు పక్కన పెట్టేశాను. మా అయ్యగారు ఆ రాత్రి అలా కూర్చోవడం ఆయన స్వభావమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆయనా డోర్నకల్‌లో చదువుకుని వచ్చినవారే. ఆ చదువు ఆయన నడకలో, మౌనంలో ఇంకిపోయింది కాబట్టి నాకు చదువులా కనిపించలేదు. దైవశాస్త్రం చదువు గురించి నేను రాసిన మాటలు తప్పు. ఈ పనికి గ్రీకు కావాలి. ప్రసంగం మొదటి పేజీ మాత్రం కొట్టేయించాను. ఆ ఒక్క మాట గురించే చెప్పమన్నాను.

ఆదివారం బిషప్‌గారు ఒక్కరే అతని తలమీద చేతులుంచుతారు. తర్వాత ప్రెస్బిటర్‌గా, అంటే పూర్తి అయ్యగారిగా, అభిషేకించే రోజున తక్కిన ప్రెస్బిటర్లు కూడా చేతులు వేస్తారు. 1947లో ఆంగ్లికన్లు మెథడిస్టులతోనూ ఇతరులతోనూ కలిసి దక్షిణ ఇండియా సంఘమైనప్పుడు కూడా బిషప్, ప్రెస్బిటర్, డీకన్ అనే వరస నిలిచింది. డీకన్ అంటే మూలంలో పరిచారకుడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, పాత్ర అందించవచ్చు. వాటిని ప్రతిష్ఠించే ప్రార్థన ఇంకా అతనిది కాదు.

డీకన్ అయ్యాక ప్రెస్బిటర్ అయ్యేదాకా ఉండే ఈ మధ్యకాలాన్ని తొందరపెట్టవద్దని సంఘపెద్దలకు నా మనవి. గొంతు బాగుందా, కీబోర్డు వాయిస్తాడా అని చూడకండి. మీ సంఘానికి కొత్త డీకన్ వస్తే మైకు చేతికిచ్చే ముందు మీ ఇంటికి పిలవండి. దీపాలు పెట్టే వేళకు పిలవండి.