'లవ్‌బగ్' – నామౌచిత్య విచారము

కాశ్మీర లాక్షణికుడగు క్షేమేంద్రుడు ఔచిత్యభేదములలో నామౌచిత్యమును గూడ పరిగణించెను. పేరు కర్మకు అనురూపమై యుండవలె నని దాని సారము. ఆంగ్లమున కీటకవాచకముగను, ప్రియసంబోధనముగను చెల్లుచున్న 'లవ్‌బగ్' అను పదమును ఈ దృష్టితో పరీక్షింతము.

అమెరికా దేశమున ఫ్లారిడా మొదలగు దక్షిణతీర రాష్ట్రములలో, మే, సెప్టెంబరు మాసములందు, ఎఱ్ఱని వీపుగల ఒక నల్లని యీగ గుంపులుగా వెలువడును. 1940లో హార్డీ అను శాస్త్రజ్ఞుడు దీనిని 'ప్లీషియా నియార్క్టికా' అను పేర వర్ణించెను. ఆడుమగలు పొట్టకొనలు కలిపికొని, పెడమొగములై, గంటలకొలది, ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములు జంటగనే యుండును; ఎగురునపుడు సైతము విడివడవు. ఇది చూచి జనులు దానికి ప్రేమ పేరు పెట్టిరి.

కాని కర్మ వేఱు. ఒక్క ఆడుదానికై పెక్కు మగవి పోటీపడును. చిక్కినదానిని విడువకుండుట ఇతరములను దరిజేరనీయకుండుటకే యని శాస్త్రజ్ఞుల వివరణము. కావున అందు గలది కావలియే గాని అనురాగము గాదు.

'బగ్' శబ్దమునకు ఆంగ్లమున రోగక్రిమి యనియు, వ్యామోహ మనియు అర్థములు గలవు. 'ప్రేమబగ్ కుట్టినది' అను వాడుక ఈ యర్థములనుండి వచ్చినదే గాని ఈ యీగనుండి కాదు. 2000 మే నెలలో ప్రేమలేఖ రూపమున వ్యాపించి కంప్యూటర్లను చెఱచిన వైరస్సునకు సైతము ఇదే పేరు వచ్చినది.

మన కావ్యములలోను కీటకములు శృంగారమున ప్రవేశించినవి. పూవు పూవునకు పోవు తుమ్మెద చపలనాయకుడు; దీపమున బడు శలభము మోహాంధుడు. అందు కవులు గ్రహించినది ఆహారమును, ఆకర్షణమును గాని సంగమమును గాదు. దాంపత్యమునకు వారు చక్రవాకమును ఎన్నుకొనిరి. అదియు రాత్రివియోగముచేతనే రసవంతమైనది. విప్రలంభము లేక సంభోగము పుష్టినొంద దను ఆలంకారిక సిద్ధాంతమునకు ఇది తగియున్నది. ఎడబాటెఱుగని లవ్‌బగ్ శృంగారమునకు గాక హాస్యమునకే ఆలంబన మగును.

సంబోధనమున మాత్రము ఆ పదము ఉచితమే. పలుకువాని మనస్సున ఈగ యుండదు, చిన్నదనపు ముద్దు మాత్రమే యుండును. అనువాదకుడు దీనిని 'ప్రేమపురుగు' అనరాదు. 'పురుగును చూచినట్లు చూచుట' తెలుగున ఏవగింపునకు నుడికారము. కీటకమునకు 'జంట ఈగ' యనియు, ప్రియురాలికి 'చిలుకా' యనియు రెండు మాటలు వాడుటయే ఔచిత్యము.