గల్లాపెట్టె లేని పొలం

స్టార్‌డ్యూ వ్యాలీ అనే కంప్యూటర్ ఆటలో కాఫీ గింజ నాటితే పదిరోజుల్లో కాపుకొస్తుంది. ఆ తర్వాత వసంతం, వేసవి పొడుగునా రెండు రోజులకోసారి నాలుగేసి గింజలు ఇస్తూనే ఉంటుంది. పాడేరు, చింతపల్లి వైపు ఏ కాఫీ రైతుకు ఈ మాట చెప్పినా నవ్వుతాడు. అక్కడ సిల్వర్ ఓక్ నీడన నాటిన అరబికా మొక్క మొదటి పండు చూపించడానికే మూడు నాలుగేళ్లు. ఏడాదికి ఒక్కటే కాపు. ఎండాకాలం మొదట్లో నాలుగు చినుకులు పడితేనే పూత, చలికాలంలో ఎర్రబడ్డ పండునల్లా ఏరి కోయాలి, పచ్చివి చెట్టునే వదలాలి.

అయినా ఈ ఆట కట్టిన మనిషికి కాఫీ గురించి అసలు సంగతి ఒకటి తెలుసు. ఆటలో గింజ ధర 15 నాణేలు. అయిదు గింజలు పీపాలో వేసి కాఫీ తీస్తే 150. అంటే 75 పలికే సరుకు రైతు చేతిలోనే ఇంకో మెట్టు ఎక్కితే రెట్టింపు. మన్యంలో కాఫీ కథంతా ఆ మెట్టు ఎవరిదన్న తగువే. అడవి సరుకు కొనే షావుకార్ల పట్టు వదిలించాలని 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) పెట్టిందీ, అరకు చిన్న రైతులు 2007లో పరస్పర సహకార సంఘంగా ఏర్పడిందీ, 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచిందీ, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చిందీ అన్నీ ఆ మెట్టు చుట్టూ తిరిగిన ప్రయత్నాలే. ఎవరి శ్రమకు ఎంత, ఆ ఎంత ఎవరు తేల్చాలి? స్టార్‌డ్యూ వ్యాలీ పనితనాన్ని దగ్గరగా చూస్తే, ఆట లోపలా బయటా కూడా ఈ ప్రశ్నకు జవాబు కనిపిస్తుంది.

తెలియనివారికి క్లుప్తంగా: సియాటిల్ వాసి ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్సు చదివి, ఉద్యోగం దొరక్క, చేయి సాధన చేసుకుందామని మొదలుపెట్టిన పని ఇది. దాదాపు నాలుగున్నరేళ్లు ఒక్కరే కూర్చుని చేశారు. కోడు, బొమ్మలు, సంగీతం, ఊరివాళ్ల మాటలు అన్నీ ఆయనవే. మధ్యలో ఒక థియేటర్‌లో ప్రేక్షకులకు సీట్లు చూపించే ఉద్యోగం కూడా చేశారు. మనుషుల ముఖాలను గీసి, చెరిపి, మళ్లీ మళ్లీ గీశారు. 2016 ఫిబ్రవరి 26న ఆట బయటికొచ్చింది. కథ చిన్నది. జోజా అనే పెద్ద కంపెనీలో గుమస్తా బతుకుతో విసిగిన ఒకరు, తాత వదిలివెళ్లిన పాడుబడ్డ పొలానికి, పెలికాన్ టౌన్ అనే పల్లెకు వస్తారు. ఆపైన సేద్యం, చేపలు, గని, ఊరివాళ్లతో స్నేహం. జపాన్‌లో 1996లో వచ్చిన హార్వెస్ట్ మూన్ దీనికి మూలం. ఆ సంగతి బరోన్ ఎక్కడా దాచలేదు.

మొదటి అయిదు రోజుల అల్లిక చూడండి. చేతిలో 500 నాణేలు, ఊరిపెద్ద కానుకగా 15 పార్స్‌నిప్ విత్తనాలు. అది ముల్లంగిలాంటి దుంప, నాలుగు రోజుల పంట. మొదటిరోజు నేల గుల్ల చేసి, నాటి, నీళ్లు పోస్తాం. రెండోరోజు సముద్రపొడ్డున జాలరి పిలిచి గాలం ఇస్తాడు. మూడోరోజు వాన. మొదటి ఏడాది మూడో రోజున ఎవరి ఆటలోనైనా సరే వాన పడి తీరుతుంది. నీళ్లు పోసే పని తప్పింది, చేతిలో కొత్త గాలం ఉంది, ఇక కాళ్లు వాటంతటవే ఏటివైపు నడుస్తాయి. అయిదోరోజు దుంప చేతికొస్తుంది, ఆ ఉదయమే కొండమీద గని దారి తెరుచుకుందని ఉత్తరం. ‘ఇప్పుడిది చెయ్యి’ అని ఎక్కడా హుకుం లేదు, దారి చూపే బాణం గుర్తులూ లేవు. నేర్పుతున్నట్టు తెలియనివ్వకుండా నేర్పే ఈ విద్య మంచి వంటమనిషి దగ్గర చూస్తాం. విస్తట్లో ఏది ముందు తినాలో చెప్పడు, వడ్డించే వరసలోనే చెబుతాడు.

ఇక ఓపిక. ఆటలో మనిషికి మొదట 270 పాళ్ల ఓపిక ఉంటుంది. గొడ్డలి దెబ్బకు కొంత, నీళ్ల చెంబుకు కొంత తరుగుతూ పోతుంది. ఆటలో పొద్దున్న ఆరింటికి మొదలై అర్ధరాత్రి దాటాక రెండింటికి ముగిసే రోజు, మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. ఓపిక చాలదు, పొద్దు చాలదు. ఆట ఆడించే ఇంధనమంతా ఈ చాలకపోవడంలోనే ఉంది.

సరిగ్గా ఈ చాలకపోవడాన్నే 2009లో ఫామ్‌విల్ కూడా వాడింది. ఫేస్‌బుక్‌లో పుట్టిన ఆ సేద్యపు ఆటను 2010 నాటికి నెలకు 8 కోట్లమందికి పైగా ఆడారు. వేళకు రాకపోతే అందులో పైరు వాడిపోయేది. వాడకుండా ఉండాలంటే స్నేహితులను బతిమాలాలి, లేదా డబ్బు కట్టాలి. 2020 చివరిరోజున అది మూతపడింది కానీ దాని వ్యాపార సూత్రం ఫోన్లలో నిక్షేపంగా ఉంది. ముందు ఆటగాణ్ని విసిగించు, తర్వాత ఆ విసుగు పోగొట్టే మందు అమ్ము. ఈ పద్ధతిలో ఆట కట్టేవాడికి ఒక చిక్కుంది. ఆట హాయిగా సాగితే రాబడి తగ్గుతుంది. కాబట్టి ఎక్కడ హాయిగా ఉందో వెతికి మరీ అక్కడో ముల్లు గుచ్చాలి. స్టార్‌డ్యూలో ముల్లు ఉంది, పక్కన గల్లాపెట్టె లేదు. ఓపిక తగ్గితే నిద్రపోవాలి, లేకపోతే ఏమైనా తినాలి. రెండింటిదాకా బయటే తిరిగి సొమ్మసిల్లితే కొన్ని నాణేలు పోతాయి. అవి ఆట నాణేలే. అందుకే ఆ కరువు ఆటగాడికి అన్యాయంలా తోచదు, వాతావరణంలా తోస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం మరోచోట ఉంది. ఊళ్లో శిథిలమైన సామూహిక భవనం ఒకటుంది. దాన్ని నిలబెట్టడానికి నాలుగు కాలాల పంటలూ, చేపలూ, అడవి కాయలూ, గని రాళ్లూ ఏరి తెచ్చి మూటలు కట్టాలి. ఒక్కో గది పూర్తయితే ఊరికి ఒక్కో మేలు. ఆగిన బస్సు నడుస్తుంది, కూలిన వంతెన లేస్తుంది. నెలల తరబడి ఆడితే గాని తెమలదు. ఇంకో దారీ ఉంది. ఊళ్లోని జోజా కంపెనీ దుకాణం జోజామార్ట్‌లో 5,000 నాణేలు కట్టి సభ్యత్వం తీసుకుంటే ఆ మేళ్లన్నీ నేరుగా డబ్బిచ్చి కొనుక్కోవచ్చు. మూటలు లేవు, వెతుకులాట లేదు. కాకపోతే సభ్యత్వం తీసుకున్న మర్నాటికి ఊరి భవనం కంపెనీ గోదాం అవుతుంది.

అంటే ఇతర ఆటల్లో అసలు రూపాయలకు అమ్మే అడ్డదారిని బరోన్ కథలోకి లాక్కొచ్చి, ఆట నాణేలకే అమ్మి, దాని ఖరీదు ఊరు ఎలా చెల్లిస్తుందో కళ్లకు కట్టారు. ఆ దారి పట్టినవాణ్ని శిక్షించలేదు, ఆట వాడికీ పూర్తవుతుంది. వారపు సంతల మధ్య, జీసీసీ డిపోల మధ్య పెరిగినవాళ్లకు ఈ ఘట్టం ఇంకాస్త గట్టిగా తగులుతుంది. కొండల్లో ఎవరి దగ్గర కొంటున్నాం, ఎవరికి అమ్ముతున్నాం అన్నది ఎప్పుడూ ఉత్త బేరం కాలేదు.

ఆడేవాళ్ల మాట వినడం పనితనానికి ఇంకో పరీక్ష. వినని శిల్పి మొండివాడు, అన్నీ వినేవాడు శిల్పే కాడు. బరోన్ లెక్క వేరు. మొదట్లో షేన్, ఎమిలీ అనే ఇద్దరిని పెళ్లాడే వీలు లేదు. జనం అడిగారు. 2016 అక్టోబరు సవరణలో వీలు కల్పించారు. ఊరికే తాళం తీసి వదల్లేదు. వాళ్ల బతుకుల్లో కొత్త ఘట్టాలు రాశారు. తాగుడుకు బానిసైన షేన్ కథ అలా ఆటలోని బరువైన కథల్లో ఒకటయింది. మూడో ఏడు మొదట్లో తాత ఆత్మ వచ్చి నీ పొలం ఎలా ఉందో తీర్పు చెబుతుంది. తొలిరూపంలో ఆ తీర్పు కటువుగా ఉండేది. విశ్రాంతి కోసం ఆడుతున్నవాళ్లు నొచ్చుకున్నారు. మాట మెత్తబడింది, పైగా ఒక వజ్రం సమర్పించి మళ్లీ తీర్పు అడగొచ్చన్నారు. గడువు అలాగే ఉంది, దాని భయం పోయింది.

చేపల వేటలో మాత్రం ఆయన లొంగలేదు. అది కష్టమన్న ఫిర్యాదు మొదటినుంచీ ఉంది. కొత్తవాళ్ల కోసం అభ్యాసపు గాలం ఒకటి పెట్టారు. దానితో పట్టడం తేలికే గాని మామూలు చేపలే పడతాయి. వేట తీరును మార్చలేదు. కంప్యూటర్‌లో ఆడేటప్పుడు రోజు మధ్యలో ఆపి భద్రపరుచుకునే వీలూ ఇవ్వలేదు. పడుకుంటేనే ఆ రోజు లెక్కలోకొస్తుంది. నాకూ ఇది చిరాకే. కానీ ‘ఇంకొక్క రోజు’ అనిపించే లయ దానిలోనే ఉందని ఒప్పుకోక తప్పదు. ఇక ఊరి చివర గుడారంలో ఉండే లైనస్‌కు ఇల్లు కట్టివ్వాలని అనిపించని ఆటగాడు అరుదు. ఆట ఆ వీలే ఇవ్వదు. ఆ బతుకు తాను కోరుకున్నదే అంటాడాయన. కొండవాళ్లకు బయటివాళ్లు చేయబోయే మేళ్లను చూసినవాళ్లకు ఈ చిన్న నిరాకరణ విలువ తెలుస్తుంది.

ధర సంగతి. అమెరికాలో 14.99 డాలర్లు, ఒకేసారి. 2016లో ఎంతో ఇప్పుడూ అంతే. మన దేశంలో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో అంతకన్నా బాగా తక్కువకే దొరుకుతుంది. ఆ తర్వాత వచ్చినవన్నీ ఉచితం: 2018లో కలిసి ఆడే వీలు, 2020 డిసెంబరులో ఏకంగా ఒక దీవి, 2024 మార్చిలో 1.6 సవరణతో కొత్త పొలం, పండుగలు, లెక్కలేనన్ని మాటలు. బతికుండగా అదనపు భాగాలకు డబ్బు తీసుకోనని 2024లో ఇంటిపేరు మీద ఒట్టేసి మరీ చెప్పారు. 2024 డిసెంబరు నాటికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. ఇది దానధర్మం కాదు. ప్రతి ఉచిత సవరణా కొత్త కొనుగోలుదార్లను తెచ్చింది. పాతవాణ్ని పిండకుండా, కొత్తవాడు రావడం మీద బతికే వ్యాపారమిది.

దీని పక్కన ఇంకో రకం చూడండి. ఫోర్ట్‌నైట్ తయారీదారు ఎపిక్ సంస్థ మోసపు మీటలతో ఆడేవాళ్ల చేత అనుకోని ఖర్చు పెట్టించిందన్న అభియోగం మీద, 2022లో అమెరికా వాణిజ్య కమిషన్‌తో రాజీపడి 24.5 కోట్ల డాలర్లు వాపసుకు ఒప్పుకుంది. మన దగ్గర డబ్బు పందెపు రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే చట్టం చేసింది. ఆట అనగానే తెలుగు ఇళ్లలో అమ్మానాన్నలు ఉలిక్కిపడటానికి కారణం లేకపోలేదు.

అరకు వైపు పిల్లలకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ ఎందుకో గొప్పగా చెప్పరు. ఒకసారి దింపుకున్నాక ఈ ఆటకు నెట్ అక్కర్లేదు. ఘాట్ మలుపు తిరిగితే సిగ్నల్ పోయే ఊళ్లలో, నిమిష నిమిషం సర్వర్‌ను పలకరించే ఉచిత ఆటలు తెరుచుకోవు. అవి అలా పలకరించేది సగం దుకాణం తెరిచి ఉంచడానికే. దుకాణమే లేని ఆటకు ఆ పని లేదు.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండో ఏడు దాటితే డబ్బు మంచినీళ్లవుతుంది. అరుదైన పండ్లతో సారా కాచడం మొదలుపెట్టారా, ఇక ఏ ధరా ధర కాదు, మొదటి వసంతంలో 15 నాణేల కోసం పడ్డ తాపత్రయం తుడిచిపెట్టుకుపోతుంది. పంటను తినేది కాకి ఒక్కటే, అదీ దిష్టిబొమ్మ పెట్టేదాకా. ఊరివాళ్లకు వారానికి రెండు కానుకలిస్తే స్నేహం కొలతపెట్టినట్టు పెరగడం నాకెప్పుడూ కాస్త మొరటుగానే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సందేహం ఈ దారి అందరికీ నడవదగ్గదేనా అన్నది. మొదలుపెట్టింది ఒక్కడే, మొదట్లో చెల్లించాల్సిన జీతాలు లేవు, పైగా ఊహించని విజయం. వందమంది పనిచేసే స్టూడియోను ఎనిమిదేళ్లు ఉచిత సవరణలు ఇమ్మంటే అది ఆరునెలల్లో తలుపులు మూసుకుంటుంది. అదనపు భాగానికి నిజాయితీగా ధర కట్టి అమ్మడం తప్పేమీ కాదు, బరోన్ ఒట్టును మిగతావాళ్ల మీద కొరడాగా వాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. కానీ చీకాకు పుట్టించి అమ్మకపోవడానికి మాత్రం ఒంటరివాడై ఉండనక్కర్లేదు, కోటీశ్వరుడై ఉండనూ అక్కర్లేదు.

ఆట 12 భాషల్లో ఉంది, వాటిలో భారతీయ భాష ఒక్కటీ లేదు. అయితే ఆడేవాళ్లే కొత్త భాషను జోడించుకునే తలుపు 1.5.5 సవరణతో తెరుచుకుంది. 1.6లోనూ బయటివాళ్లు ఆటకు మార్పులు చేసుకునే సదుపాయాలకే పెద్దపీట. ఆ తలుపులోంచే కాఫీకి పదిరోజుల బదులు నాలుగేళ్లు పెట్టవచ్చు, నీడచెట్టు లేనిదే మొలవనివ్వకపోవచ్చు, సిల్వర్ ఓక్‌కు మిరియాల తీగ పాకించవచ్చు. అందుకు బరోన్ అనుమతీ అక్కర్లేదు, ఆయనకు పైసా కట్టనూ అక్కర్లేదు.